భూస్థిర ఉపగ్రహాల మెరుపులు చూడటానికి ఏది కొనాలి: బైనాక్యులరా, కెమెరానా, టెలిస్కోపా?

ఉదయగిరి దగ్గర ఒక పెళ్ళి ఫోటోలు ముగించుకుని కావలి తిరిగి వస్తూ, ఒక మార్చి రాత్రి దారిలో కారు ఆపాను. అమావాస్య దగ్గర పడిన రోజులు. ఊళ్ళో అంత నల్లటి ఆకాశం ఎప్పుడూ కనపడదు. ట్రైపాడ్ వేసి, 50 ఎంఎం లెన్సు పెట్టి, కెమెరాను దాదాపు నడినెత్తికి, కొంచెం దక్షిణానికి తిప్పి, 30 సెకన్ల ఫోటోలు వరసగా రెండు గంటలు తీశాను. నక్షత్రాల గీతలు పడాలని నా ఉద్దేశం. మర్నాడు స్టూడియోలో అన్నీ కలిపి చూస్తే గీతలు బాగానే పడ్డాయి. కానీ వాటి మధ్యలో, ఒకే వరసలో, కొన్ని చుక్కలు కదలకుండా నిలబడి ఉన్నాయి. సెన్సర్ పాడైందేమో అని టెన్షన్ పడ్డాను. ఆ వారంలో ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి. ఒక్కో ఫోటో విడిగా తెరిచి చూస్తే విషయం తెలిసింది. ఆ చుక్కల్లో ఒకటి పదకొండింటికి సన్నగా ఉంది, పదకొండున్నరకు చిక్కబడింది, ఆ తర్వాత నాలుగైదు ఫోటోల్లోనే ఆరిపోయింది. గంట దాటాక అదే చోట మళ్ళీ వెలిగింది. పాడైన సెన్సర్ అలా చేయదు.

అవి భూస్థిర ఉపగ్రహాలు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరిగేవి. భూమి కూడా అంతే సమయంలో తన చుట్టూ తాను తిరుగుతుంది కాబట్టి మనకు అవి ఆకాశంలో మేకు కొట్టినట్టు ఒకే చోట ఉంటాయి. మేడ మీది డిష్ ఏడాది పొడవునా ఒకే వైపు చూస్తూ ఉండేది అందుకే. ఆ డిష్ చూసేదాన్నే నేను ఫోటోలో పట్టానని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి మార్చిలో చూస్తున్నాను. మొన్న ఒంగోలులో ఉండే మా మేనల్లుడు ఫోన్ చేసి, "మామా, నేను కూడా చూడాలనుకుంటున్నా. టెలిస్కోప్ కొనమంటావా, బైనాక్యులర్స్ చాలంటావా?" అని అడిగాడు. వాడికి ఫోన్‌లో చెప్పింది సగమే. మిగతాది కూడా కలిపి, వాడిలాగే అడిగేవాళ్ళందరి కోసం ఇక్కడ రాస్తున్నాను.

ముందు రోజు ఎంచుకోండి, తర్వాత వస్తువు

మామూలు రాత్రుల్లో ఈ ఉపగ్రహాల వెలుగు చాలా తక్కువ. నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్ అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మంచి చీకట్లో మన కన్ను 6 వరకు చూస్తుంది. భూస్థిర ఉపగ్రహాలు ఎక్కువగా 10 నుంచి 13 మధ్య ఉంటాయి. అంటే కంటికి అసలు దొరకవు, బైనాక్యులర్‌కు కూడా చాలావరకు దొరకవు. ఏడాదిలో రెండు విడతలు మాత్రం, అర్ధరాత్రికి అటూ ఇటూ కొన్ని నిమిషాల పాటు అవి ఉన్నట్టుండి వెలుగుతాయి. 5, 6 మాగ్నిట్యూడ్ దాకా, అరుదుగా ఇంకా బాగా వెలిగేవి కూడా ఉంటాయి. ఈ మెరుపునే ఫ్లేర్ అంటారు. ఆ రోజుల్లో చిన్న బైనాక్యులర్ చేసే పని, మిగతా రోజుల్లో ఆరంగుళాల టెలిస్కోప్ చేయాలి. అందుకే డబ్బు కన్నా ముందు క్యాలెండర్ తీయమంటాను.

కారణం తెలిస్తే తేదీలు మీరే లెక్క వేసుకోవచ్చు. ఉపగ్రహం సోలార్ పలకలు ఉత్తర దక్షిణాలుగా చాచి ఉంటాయి. ఆ ఇరుసు మీదే రోజుకొక చుట్టు తిరుగుతూ సూర్యుడి వైపు ఉంటాయి. కానీ ఉత్తరానికో దక్షిణానికో వంగవు. సూర్యుడు కొంచెం దక్షిణంగా ఉంటే, పలక మీద పడిన వెలుగు అంతే కోణంలో ఉత్తరానికి తిరిగి వస్తుంది. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడి నుంచి చూస్తే ఉపగ్రహాల వరస ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖను ఆకాశంలోకి పొడిగిస్తే వచ్చే గీత) మీద కాకుండా, దానికి సుమారు రెండున్నర డిగ్రీలు దక్షిణంగా కనిపిస్తుంది. కాబట్టి సూర్యుడు కూడా రెండున్నర డిగ్రీలు దక్షిణంగా ఉండే రోజులు మనకు కావాలి. అవి మార్చి 14కు, సెప్టెంబర్ 29కి అటూ ఇటూ వస్తాయి. ప్రతి ఉపగ్రహం పలకల వంపులో కొంచెం తేడా ఉంటుంది, వాటి యాంటెన్నాలు, ఒంటికి చుట్టిన రేకు కూడా వెలుగును తిప్పి కొడతాయి. అందుకని ఒక్క రోజునే పట్టుకుని కూర్చోనక్కరలేదు, ముందూ వెనకా వారం పది రోజులు ఆశ పెట్టుకోవచ్చు.

ఈ తేదీలు గుర్తుపెట్టుకోవడానికి మన ఇళ్ళలోనే ఒక గుర్తు ఉంది. మార్చి నడిమి రోజుల్లో, మళ్ళీ సెప్టెంబర్ చివర్లో, పట్టపగలు డీటీహెచ్ టీవీ కొద్ది నిమిషాలు ఆగిపోతుంది. సన్ ఔటేజ్ అని స్క్రీన్ మీద రాస్తారు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడంతో డిష్‌లోకి సూర్యుడి రేడియో రొద వచ్చి పడుతుంది. దానికి కావలసింది కూడా అదే రెండున్నర డిగ్రీల దక్షిణమే. పగలు పన్నెండు ప్రాంతంలో మీ టీవీ ఆగిన రోజున, రాత్రి పన్నెండు ప్రాంతంలో అదే ఉపగ్రహం వైపు చూడండి. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా వీధిలో అందరూ విసుక్కునే ఆ ఐదు నిమిషాలు నాకు ఇప్పుడు పండగ ముందు చాటింపులాంటివి.

మార్చినా, సెప్టెంబర్ చివరనా?

వేరే రాష్ట్రం వాళ్ళకు రెండూ ఒకటే కావచ్చు. నెల్లూరు, ప్రకాశం వాళ్ళకు మాత్రం నా సలహా మార్చి. సెప్టెంబర్ ఆఖర్లో సాయంత్రం ఉరుముల వానలు ఇంకా పోవు. అక్టోబర్ మూడో వారం దాటితే ఈశాన్య రుతుపవనాలు, మన వైపు పెద్ద వానలు అప్పుడే. వాన లేని రాత్రి కూడా గాలిలో తేమ ఎక్కువై లెన్సు మీద మంచు పడుతుంది. మార్చిలో ఆకాశం తేటగా ఉంటుంది, మేడ మీద పడుకున్నా చలి ఉండదు.

రెండో లెక్క చంద్రుడిది. పున్నమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. మన ఉపగ్రహాలు మెరిసేది కూడా అక్కడే. అందుకని హోలీ పున్నమి అటూ ఇటూ రోజులు వదిలేయండి. ఫాల్గుణ బహుళ పక్షం, అంటే ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య వైపు చూడండి. ఉగాది మార్చి మూడో వారంలో పడిన ఏడు మనకు బాగా కలిసొచ్చినట్టు. ఉగాది ఏప్రిల్‌లోకి జరిగిన ఏడు మార్చి మొదటి పది రోజుల్లో ఏదో ఒక చీకటి రాత్రిని వెతుక్కోవాలి. సెప్టెంబర్ విడతకైతే మహాలయ పక్షం సరిపోతుంది.

గంటల సంగతి. ఈ రోజుల్లో ఉపగ్రహాలు అర్ధరాత్రి భూమి నీడలోకి వెళ్ళి వస్తాయి. 2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రగ్రహణం చూసినవాళ్ళకు ఆ నీడ గుర్తుండే ఉంటుంది. చంద్రుడి మీద పడిన ఆ నీడే వీటి మీదా పడుతుంది. నీడలోకి వెళ్ళే ముందు పావుగంట, బయటికి వచ్చాక పావుగంట, ఇవే మెరుపు ఎక్కువగా ఉండే సమయాలు. మార్చి నడుమ, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నవి రాత్రి 11.35 ప్రాంతంలో ఆరిపోయి 12.40 ప్రాంతంలో తిరిగి వెలుగుతాయి. 93.5 డిగ్రీల దగ్గర ఉన్నవి అంతకు 42 నిమిషాలు ముందు, 74 దగ్గర ఉన్నవి 36 నిమిషాలు వెనక. సెప్టెంబర్ చివర్లో అన్నీ ఇరవై నిమిషాలు ముందే జరుగుతాయి. నక్షత్రాలు రోజుకు నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయి కానీ వీటి సమయం మర్నాడు కూడా దాదాపు అదే. ఒక రాత్రి మబ్బు పట్టినా నిరుత్సాహపడొద్దు.

పాతవాళ్ళు కొందరు ఇరిడియం మెరుపులు చూసి ఉంటారు. అవి 780 కిలోమీటర్ల ఎత్తున పరుగెత్తేవి. కళ్ళు చెదిరేలా మెరిసి సెకన్లలో పోయేవి. ఆ పాత ఉపగ్రహాలను 2017 నుంచి కిందికి దించేశారు. భూస్థిర ఉపగ్రహం మెరుపు అలా ఉండదు. ఎక్కడా కదలదు, మెల్లగా వత్తి పెంచినట్టు పెరుగుతుంది, నిమిషాల పాటు ఉంటుంది. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. పక్కవాళ్ళను పిలిచి చూపించేంత తీరిక ఇస్తుంది.

ఎటు చూడాలి

నెల్లూరులో నేరుగా దక్షిణానికి తిరిగి, 73 డిగ్రీల ఎత్తుకు చూడండి. ఒంగోలులో 72. అంటే దాదాపు తల వెనక్కి వాల్చాలి. కొత్తవాళ్ళు పొరపాటు పడేది ఇక్కడే. డిష్ ముఖం చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు. మన ఇళ్ళ మీది డిష్‌లు ఆఫ్‌సెట్ రకం, అవి కనిపించే దానికన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తుకు చూస్తాయి. దిక్కు వరకు డిష్‌ను నమ్మండి. 83 డిగ్రీల మీది డిష్ దక్షిణానికి కొంచెం తూర్పుగా, 93.5 మీది డీడీ ఫ్రీ డిష్ ఆగ్నేయానికి తిరిగి ఉంటాయి.

ఇంకా నమ్మకమైన గుర్తు ఆకాశంలోనే ఉంది. ఆరుద్ర కార్తెకు పేరిచ్చిన ఎర్రటి ఆరుద్ర నక్షత్రం మీకు తెలిసే ఉంటుంది. దానికి దక్షిణంగా మూడు నక్షత్రాలు ఒకే వరసలో ఉంటాయి, ఓరియన్ నడికట్టు. ఆ మూడింటిలో తూర్పు చివరి దానికి కొద్దిగా కింద సిగ్మా ఓరియానిస్ అనే చిన్న నక్షత్రం ఉంది. అది ఖగోళ మధ్యరేఖకు 2 డిగ్రీల 36 నిమిషాల దక్షిణాన ఉంటుంది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ఉన్న మనకు ఉపగ్రహాల వరస కనిపించేది కూడా సరిగ్గా ఆ దారిలోనే. ఆ నక్షత్రం రోజూ మన కోసం ఆ వరస మీదుగా నడిచి వెళుతుంది. ఫిబ్రవరి చివరి వారంలో రాత్రి ఏడున్నర ప్రాంతంలో అది నేరుగా దక్షిణాన ఉంటుంది. అప్పుడు కెమెరా దాని మీద పెట్టి బిగించేసి కదిలించకుండా వదిలితే, నక్షత్రం పడమటికి వెళ్ళిపోతుంది, కెమెరా మాత్రం ఉపగ్రహాల వరస మీదే ఉండిపోతుంది. అర్ధరాత్రి వేళ గుర్తు కావాలంటే కన్యారాశిలో చిత్తకు పైన, పడమరగా ఉన్న పోరిమా నక్షత్రం. దాని దారికి ఒక డిగ్రీ కింద మన వరస.

ఇప్పుడు వస్తువులు

మొదట బైనాక్యులర్. 10x50 (పది రెట్లు పెద్దది చేసి చూపే, 50 మిల్లీమీటర్ల నోరున్నది) కొనండి. 7x50 లో చూపు మేర ఎక్కువ అని కొందరు అంటారు, నిజమే. కానీ ఊరి వెలుతురులో దాని వెనక ఆకాశం బూడిద రంగులో కనిపిస్తుంది, 10x50 లో నల్లబడుతుంది. నలభై దాటిన నాలాంటి కళ్ళు చీకట్లో ఏడు మిల్లీమీటర్లు విప్పారవు కూడా, 7x50 ఇచ్చే వెలుగు కొంత వృథా పోతుంది. 20x80 జోలికి వెళ్ళొద్దు. రెండు కిలోలకు పైగా బరువు చేత్తో పట్టి నడినెత్తికి చూడటం ఎవరి వల్లా కాదు. 10x50 తో కూడా నిలబడి చూడొద్దు. మేడ మీద మడత మంచం వేసుకుని, తల దక్షిణం వైపు కాకుండా కాళ్ళు దక్షిణం వైపు పెట్టి పడుకోండి. మోచేతులు పక్కలకు ఆనించుకుంటే బొమ్మ వణకదు.

దాంతో ఏం కనిపిస్తుంది? మంచి చీకట్లో 9, 10 మాగ్నిట్యూడ్ వరకు. అంటే మెరుపు రోజుల్లో మాత్రమే. గుర్తుపట్టడం ఓపిక పని. 10x50 లో ఆరున్నర డిగ్రీల ఆకాశం కనిపిస్తుంది, ఒక నక్షత్రం ఆ చివర నుంచి ఈ చివరకు పోవడానికి 26 నిమిషాలు పడుతుంది. పిట్టగోడ అంచునో, కరెంటు తీగనో చూపులోకి తెచ్చుకుని, దానితో పోలిస్తే ఏది కదలడం లేదో చూడండి. నేను మొదటిసారి కంటితో పట్టుకున్నది ఇలాగే. ఫోటో ముందే ఉన్నా, బైనాక్యులర్‌లో అది నిజంగా ఆగి ఉండటం చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది. బైనాక్యులర్‌కు ఉన్న గొప్ప అదే. కానీ సాక్ష్యం మిగలదు, ఏ ఉపగ్రహమో తేల్చుకోవడం కష్టం.

ఇక కెమెరా. నేను ఫోటోగ్రాఫర్‌ని కాబట్టి పక్షపాతం అనుకోవచ్చు, అయినా ఈ పనికి కెమెరాకు సాటి లేదని గట్టిగా చెబుతాను. ఆకాశం ఫోటోలు తీసేవాళ్ళందరికీ ఉండే పెద్ద ఇబ్బంది నక్షత్రాలు కదలడం. దాని కోసం వేలకు వేలు పోసి, నక్షత్రాల వెంట తిరిగే మోటారు మౌంట్లు కొంటారు. మనకు కావలసినవి కదలనివి. మామూలు ట్రైపాడ్ చాలు. ఎంతసేపు తీస్తే అంత వెలుగు ఒకే చుక్కలో పోగవుతుంది, నక్షత్రాలు గీతలై వాటంతట అవే వేరుపడతాయి.

లెన్సు ఏది? ఇక్కడ లెక్క ఎఫ్ నంబరు ఒక్కటే కాదు, లెన్సు నోరు ఎంత వెడల్పు అన్నది (ఎంఎం అంకెను ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చేది). 18-55 కిట్ లెన్సు 55 దగ్గర, ఎఫ్/5.6 తో, 10 మిల్లీమీటర్ల నోరు. 50 ఎంఎం ఎఫ్/1.8 కి 28 మిల్లీమీటర్లు. అంటే సుమారు ఎనిమిది రెట్ల వెలుగు, రెండు మాగ్నిట్యూడ్‌లకు పైగా తేడా. కిట్ లెన్సుతో మొదలుపెట్టి ఏమీ పడలేదని వదిలేసినవాళ్ళను చూశాను, అది వాళ్ళ తప్పు కాదు. మొదటి లెన్సుగా 50 ఎఫ్/1.8 తీసుకోండి. ప్రైమ్ (జూమ్ లేని) లెన్సుల్లో చవకైనది కూడా అదే. దీనికి ఇంకో అందం ఉంది. క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరాలో అది 25 డిగ్రీల వెడల్పు ఆకాశాన్ని పడుతుంది. మన దగ్గర నుంచి చూస్తే 74 డిగ్రీల ఉపగ్రహం నుంచి 93.5 డిగ్రీల ఉపగ్రహం దాకా దూరం దాదాపు 23 డిగ్రీలు. ఫ్రేము పొడుగు వైపును తూర్పు పడమరలుగా సరిగ్గా పెడితే ఇస్రో వాళ్ళ మూడు ముఖ్యమైన చోట్లూ ఒకే ఫోటోలో వస్తాయి.

85 ఎఫ్/1.8 ఉంటే ఇంకో మాగ్నిట్యూడ్ లోతుకు వెళతారు, వెడల్పు తగ్గుతుంది. ఇక పెళ్ళి ఫోటోలు తీసే తోటివాళ్ళకు ఒక మాట. మీ 70-200 ఎఫ్/2.8 కి 200 దగ్గర 71 మిల్లీమీటర్ల నోరు ఉంది, అది చిన్న టెలిస్కోప్‌తో సమానం. ముహూర్తాలు లేని రోజు దాన్ని 83 డిగ్రీల వైపు తిప్పండి. మన సమాచార ఉపగ్రహాలు జీశాట్-10, జీశాట్-30, జీశాట్-24 అన్నీ ఆ చోటే పంచుకుంటాయి. 50 ఎంఎం లో ముద్దగా కనిపించేది 200 లో విడివిడి చుక్కల గుంపుగా విడిపోతుంది. అవి ఒకదానికొకటి దూరంగానే ఉంటాయి. అక్కడ డిగ్రీలో పదో వంతు అంటే అరవై కిలోమీటర్లకు పైనే.

సెట్టింగులు ఎక్కువ చెప్పను. ఆటోఫోకస్ ఆపేయండి, ప్రకాశమైన నక్షత్రాన్ని లైవ్ వ్యూలో పెద్దది చేసి ఫోకస్ చేసి రింగు మీద టేపు వేయండి. ఎఫ్/2.2, ఐఎస్ఓ 1600, 20 నుంచి 30 సెకన్లు, రా ఫైలు, రిమోట్ లాక్. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయకపోతే ప్రతి ఫోటో తర్వాత అంతే సేపు కెమెరా ఆగిపోతుంది, సరిగ్గా మెరుపు ఆ ఖాళీలోనే పోతుంది.

ఒక ప్రమాదం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. హాట్ పిక్సెల్. ఎండాకాలపు రాత్రి గంటల తరబడి పనిచేసిన సెన్సర్‌లో కొన్ని పిక్సెళ్ళు వాటంతట అవే వెలుగుతాయి. ఫోటో మారినా అవి కదలవు. మన ఉపగ్రహాలూ కదలవు. రెండూ ఒకేలా కనిపిస్తాయి! మొదటి ఏడాది నేను ఆనందంగా గుర్తులు పెట్టుకున్న చుక్కల్లో కొన్ని ఉత్త హాట్ పిక్సెళ్ళే. ఉపాయం సులువే. అరగంటకొకసారి కెమెరాను వేలెడంత పక్కకు జరిపి బిగించండి. ఉపగ్రహం ఫ్రేములో కొత్త చోటికి వస్తుంది, హాట్ పిక్సెల్ పాత చోటే ఉంటుంది. లెన్సుకు మూత పెట్టి రెండు మూడు ఫోటోలు తీసి పోల్చుకున్నా తెలుస్తుంది.

ఇంటికొచ్చాక సిరిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, నక్షత్రాలను సరిచేయకుండా, మీడియన్ పద్ధతిలో కలపండి. కదిలిన నక్షత్రాలు మాయమై, కదలనివి మాత్రమే మిగులుతాయి. ఆ నల్లటి తెర మీద ముత్యాల సరంలా ఆ వరస బయటపడే క్షణం కోసం నేను ఎన్ని రాత్రులైనా మేలుకుంటాను. మెరుపు ఎలా పెరిగి తగ్గిందో చూడాలంటే మాత్రం విడి ఫోటోలు చూడాలి. పేర్లు తేల్చుకోవడానికి ఆకాశ పటం చూపే స్టెల్లేరియం యాప్, హెవెన్స్-అబోవ్ వెబ్‌సైటు రెండూ బాగుంటాయి. మీ ఊరిని సరిగ్గా పెట్టండి. మెల్లగా ఉత్తర దక్షిణాలకు జరిగే చుక్క కనిపిస్తే కంగారు పడొద్దు, పనైపోయి వాలిపోయిన పాత ఉపగ్రహమో, ఏటవాలు కక్ష్యలో తిరిగేదో అయి ఉంటుంది.

టెలిస్కోప్ ఎవరికి? మార్చి దాకా ఆగలేని వాళ్ళకు. ఆరంగుళాల డాబ్సోనియన్ (సాదా పీఠం మీద చేత్తో తిప్పే అద్దపు టెలిస్కోప్) చీకటి చోట 13 మాగ్నిట్యూడ్ దాకా చూపిస్తుంది, కాబట్టి మెరుపుతో పని లేకుండా ఏ తేట రాత్రి అయినా వరసలో ఉపగ్రహాలను చూడొచ్చు. సిగ్మా ఓరియానిస్ మీద పెట్టి చేతులు తీసేయండి. నక్షత్రాలు నాలుగు నిమిషాల్లో కంటి ముందు నుంచి దాటిపోతూ ఉంటే, వాటి మధ్య ఒక చుక్క కదలకుండా ఉంటుంది. డాబ్సోనియన్‌కు మోటారు లేకపోవడం ఇక్కడ మేలే. మోటారు ఉన్న మౌంట్ అయితే ఆపేయాలి. ఇబ్బంది ఒకటుంది. డాబ్సోనియన్‌ను నడినెత్తి దగ్గర పక్కకు తిప్పడం కష్టం, మన ఉపగ్రహాలు ఉండేది అక్కడే. 93.5 వైపు 67 డిగ్రీల ఎత్తే కాబట్టి కొంచెం నయం. చంద్రుడు, గురుడు, శని కూడా చూడాలనుకుంటే టెలిస్కోప్ కొనండి. ఈ ఒక్క పని కోసమే అయితే వద్దు.

ఈమధ్య సీస్టార్ లాంటి స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాయి. నెబ్యులాలకు (ఆకాశంలోని వాయు మేఘాలకు) అద్భుతం. కానీ వాటి తెలివంతా నక్షత్రాల వెంట తిరగడంలో ఉంది, అందుకని మన ఉపగ్రహం అందులో గీత అయి పోతుంది. ఫోన్ నైట్ మోడ్ సంగతి అడిగేవాళ్ళకు, లెన్సు నోరు మరీ చిన్నది, చాలా ప్రకాశమైన మెరుపు పడితే పడొచ్చు. దాని మీద ఆశ పెట్టుకుని ఒక రాత్రి పాడు చేసుకోవద్దు.

బీచా, మెట్టా?

ఆకాశం చూడాలనగానే మైపాడో, కొత్తపట్నమో పోదామంటారు. ఈ పనికి నేను వద్దంటాను. సముద్రం దగ్గర కలిసొచ్చేది అడ్డం లేని దిగంతం. మన ఉపగ్రహాలు 73 డిగ్రీల ఎత్తున ఉంటే దిగంతంతో పనేముంది? పైగా ఉప్పు తేమ లెన్సుకు పడదు. ఒక రాత్రి తీరంలో తీసి తుడవకుండా పెట్టిన లెన్సు మీద నాకు మరక మిగిలింది. తీరం పొడవునా రొయ్యల చెరువుల లైట్లు, కృష్ణపట్నం వైపు పోర్టు వెలుతురు. లోపలికి రండి. ఉదయగిరి, సోమశిల చుట్టుపక్కల, ఒంగోలుకు పడమట కనిగిరి, కంభం, గిద్దలూరు వైపు ఆకాశం బాగుంటుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర మాత్రం దుమ్ము, ఫ్లడ్ లైట్లు. అడవిలోకి రాత్రిపూట వెళ్ళొద్దు, తెలిసినవాళ్ళ పొలం గట్టు చాలు. బూట్లు, టార్చి తప్పనిసరి, ఎండలు ముదిరేకొద్దీ పాములు తిరిగేది రాత్రిళ్ళే.

వెళ్ళడం కుదరకపోతే మేడ మీదే చూడండి. వీధి దీపం కంటికి తగలకుండా దుప్పటి అడ్డం కట్టుకున్నా తేడా తెలుస్తుంది. ఊళ్ళో అయితే ఫోటోకు 10 సెకన్లు దాటొద్దు, ఫోటోల సంఖ్య పెంచండి.

మా మేనల్లుడికి చివరికి చెప్పింది ఇది. నీ డబ్బుతో 10x50 బైనాక్యులర్ ఒకటే కొను, నా పాత క్రాప్ సెన్సర్ బాడీ, 50 ఎంఎం నేను పంపుతాను. ఇంట్లో కెమెరా లేనివాళ్ళు ఒక రాత్రికి స్టూడియో వాళ్ళను అడిగి అద్దెకు తీసుకోవచ్చు, ముహూర్తాలు లేని రోజుల్లో అది పెద్ద ఖర్చు కాదు.

"సరే మామా, ఫస్ట్ దేన్ని చూడాలి?" అన్నాడు.

దక్షిణానికి తిరిగి కూర్చుంటే నీ ఎడమ చేతి వైపు తూర్పు. మార్చి నడుమ, 10.50 ప్రాంతంలో ముందు ఆ చివర ఉన్న జీశాట్-15, జీశాట్-17 ఆరిపోతాయి. 11.35కు నడుమ ఉన్న గుంపు. 12.10 ప్రాంతంలో కుడి వైపు ఇన్‌శాట్-3డీఆర్. అది 2016 సెప్టెంబర్ 8న శ్రీహరికోట నుంచి లేచింది, అప్పటికి శ్రీహరికోట ఇంకా నెల్లూరు జిల్లాలోనే ఉంది. తుఫాను వచ్చినప్పుడు టీవీలో మేఘాల బొమ్మలు చూసి మనం పడవలు ఒడ్డుకు లాగుతాం కదా, ఆ బొమ్మలు పంపేవాటిలో అదొకటి. దాన్ని చూడు. ఒకటింబావుకు నీడలోంచి బయటికి వస్తుంది, అప్పటిదాకా నిద్రపోకు.